ఒక్క ఊపిరితో దిగేవాళ్ల గురించి అచ్చు పత్రిక: తయారీ డైరీ

2025 అక్టోబర్, దసరా వెళ్లిన వారం

ఇన్నాళ్లూ మాటల్లోనే నలిగిన పని ఈ వారం కాగితం మీదికి వచ్చింది. ఫ్రీడైవింగ్ మీద తెలుగులో ఒక అచ్చు పత్రిక తేవాలని ముగ్గురం తీర్మానించుకున్నాం. వీపున గాలి సిలిండర్ లేకుండా, గుండెనిండా పీల్చుకున్న ఒక్క ఊపిరితో నీటి లోతుకు వెళ్లి తిరిగి పైకి రావడమే ఫ్రీడైవింగ్. రాతపని, సంపాదకత్వం నావి. నేనుండేది విశాఖపట్నంలో. విజయవాడలో ఉండే అక్క ఊపిరితిత్తుల వైద్యురాలు, శరీరశాస్త్రం వ్యాసాలన్నీ ఆమె చూసిన తర్వాతే ముందుకు వెళ్తాయి. పేజీలు కూర్చడం, ప్రెస్సుతో మాట్లాడటం బావ వంతు. పాతికేళ్లుగా పుస్తకాల డీటీపీ చేస్తున్న మనిషి ఆయన.

బావ మొదట అడిగిన ప్రశ్న, "ఎవరు కొంటారమ్మా?"

సూటిగా జవాబు చెప్పాల్సిన ప్రశ్నే. దానికోసం నీటి అడుగు క్రీడల పత్రికల చరిత్ర కొంత చదివాను. అమెరికాలో చక్ బ్లేక్స్‌లీ, జిమ్ ఆక్సియర్ అనే ఇద్దరు 1951 డిసెంబర్‌లో "స్కిన్ డైవర్" మొదలుపెట్టారు. అది 2002 దాకా బతికింది. అప్పట్లో సముద్రంలోకి దిగేవాళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలియాలంటే పత్రిక తప్ప మరో దారి లేదు. ఇప్పుడు బహామాస్‌లో ఎవరైనా రికార్డు లోతుకు వెళ్లి వస్తే, వాళ్ల జుట్టు ఆరేలోపే ఆ దృశ్యం మన ఫోనులో ఉంటుంది. వార్తలు మోయడానికే అయితే ఈ క్రీడకు కాగితం అక్కర్లేదు. అందుకని ఏ వ్యాసానికైనా ఒకే పరీక్ష పెట్టుకున్నాం: పదేళ్ల తర్వాత తీసి చదివినా అది పనికిరావాలి. ఈ పరీక్షకు పోటీల ఫలితాలు నిలవవు, పరికరాల సమీక్షలూ నిలవవు. శరీరం లోతులో ఏం చేస్తుంది, ఎవరు ఎందుకు దిగారు, ఎలా దిగితే ప్రాణంతో తిరిగి వస్తారు, ఈ మూడూ నిలుస్తాయి.

బావ ఒప్పుకున్నట్టు తల ఊపారు గానీ, లెక్కలు చూశాకే మాట ఇస్తానన్నారు.

అక్టోబర్ చివర, తుపాను వారం

మొంథా తుపాను 28 రాత్రి తీరం దాటింది. రుషికొండ వైపు ఫోటోలకు వెళ్లాలన్న ఆలోచన పక్కన పెట్టి, ఇంట్లో కూర్చుని చరిత్ర వ్యాసం పూర్తి చేశాను. మా పత్రికకు వెన్నెముక కాబోయేది ఈ వ్యాసమే.

1913లో ఏజియన్ సముద్రంలో కార్పథోస్ దీవి దగ్గర "రెజీనా మార్గరీటా" అనే ఇటలీ యుద్ధనౌక లంగరు తెగి నీటిలో పడిపోయింది. స్పాంజీలు ఏరుకొని బతికే స్టాతిస్ హాట్జిస్ అనే గ్రీకు మనిషిని పిలిపించారు. బరువైన రాయి పట్టుకొని 70 మీటర్లకు పైగా దిగి, ఆ లంగరుకు తాడు కట్టి వచ్చాడు. నౌకా వైద్యులు అతన్ని పరీక్షించి నమ్మలేకపోయారు. 1949లో ఇటలీ వైమానిక దళ అధికారి రైమొండో బుచర్ పందెం కాసి 30 మీటర్లు దిగాడు. నమోదైన పోటీ లోతుల చరిత్ర సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది. ఎంజో మయోర్కా 1960లో 45 మీటర్లు, మరుసటి ఏడు 50 మీటర్లు దిగాడు. 50 దాటితే నీటి ఒత్తిడికి ఛాతీ నలిగిపోతుందని వైద్యులు అప్పటికీ హెచ్చరిస్తూనే ఉన్నారు. 1976లో ఎల్బా దీవి దగ్గర జాక్ మయోల్ 100 మీటర్లకు చేరాడు. బరువు కట్టిన బండి పట్టుకొని దిగే పద్ధతి అతనిది. 2010లో న్యూజీలాండ్ వాసి విలియం ట్రుబ్రిడ్జ్ బహామాస్‌లోని డీన్స్ బ్లూ హోల్‌లో కాళ్లకు తొడుక్కునే ఈత రెక్కలు (ఫిన్‌లు) కూడా లేకుండా, చేతులూ కాళ్లూ ఆడిస్తూ 101 మీటర్లు దిగి వచ్చాడు.

వైద్యుల లెక్క ఎక్కడ తప్పిందో అక్క రాసిన భాగంలో ఉంది. లోతుకు పోయేకొద్దీ కాళ్లు, చేతుల నుంచి రక్తం ఛాతీలోకి మళ్లి, ఊపిరితిత్తుల చుట్టూ ఉన్న రక్తనాళాలను నింపుతుంది. గాలి కుదించుకుపోయి ఖాళీ అయిన చోటును ఆ రక్తం భర్తీ చేస్తుంది. ముఖానికి చల్లని నీరు తగలగానే గుండె నెమ్మదిస్తుంది. ప్లీహం, అంటే పొట్టలో ఎడమవైపు ఉండే చిన్న అవయవం, ముడుచుకొని, దాచిన ఎర్రకణాలను రక్తంలోకి వదులుతుంది. సీల్‌లో, తిమింగలంలో జరిగేదే మన ఒంట్లోనూ జరుగుతుంది. ఇండోనేషియాలో తరతరాలుగా సముద్రంలో మునిగి బతికే బజావు ప్రజల ప్లీహం, పక్కనే నేల మీద బతికే సలువాన్ ప్రజల ప్లీహం కంటే దాదాపు సగం పెద్దదని 2018లో వచ్చిన అధ్యయనం తేల్చింది. బజావుల్లో నీటిలోకి దిగని వారి ప్లీహం కూడా పెద్దదే. అంటే అది సాధనతో వచ్చిన మార్పు మాత్రమే కాదు, జన్యువుల్లోనూ ఉంది. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పాఠకులూ ఆగుతారని నా నమ్మకం.

నవంబర్ మొదట్లో

ఈ వారం పని అంతా ఒక్క పుటజంట మీదే. అయినా మొత్తం పత్రికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది.

మా పేజీ కొలత 21 సెంటీమీటర్ల వెడల్పు, 27 ఎత్తు. నడిమి రెండు పేజీలు తెరిచి, పత్రికను అడ్డంగా తిప్పి పట్టుకుంటే పై నుంచి కిందికి 42 సెంటీమీటర్లు వస్తుంది. పైన 2 సెంటీమీటర్లు ఆకాశం వదిలి, అక్కడి నుంచి కింది అంచుదాకా ఒక తాడు గీశాం. 4 మిల్లీమీటర్లకు ఒక మీటరు చొప్పున 40 సెంటీమీటర్లలో సరిగ్గా 100 మీటర్లు పట్టింది. బుచర్ గీత 12 సెంటీమీటర్ల దగ్గర. మయోర్కా 50 మీటర్ల గీత నడిమి మడతకు కాస్త కింద. అట్టడుగున మయోల్.

తాడు పక్కన ఊపిరితిత్తుల్లోని గాలిని వృత్తాలుగా వేశాం. ఉపరితలంలో 6 లీటర్లు అనుకుందాం. నీటిలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం కలుస్తుంది కాబట్టి 10 మీటర్ల దగ్గర ఆ గాలి సగమై 3 లీటర్లవుతుంది. 20 దగ్గర మూడో వంతు, 30 దగ్గర నాలుగో వంతు, 100 దగ్గర పదకొండో వంతు, అంటే అర లీటరుకు కాస్త ఎక్కువ. వృత్తాలు గీసి చూస్తే కళ్లకు కట్టింది: పెద్ద మార్పు అంతా మొదటి 4 సెంటీమీటర్లలోనే ఉంది. తర్వాతి 36 సెంటీమీటర్లలో వృత్తాలు మెల్లగా సన్నబడతాయి, అంతే. కొత్తవాళ్లకు చెవి నొప్పి వచ్చేది ఆ 4 సెంటీమీటర్లలోనే. తిరిగి వచ్చేటప్పుడు స్పృహ తప్పే ప్రమాదం ఎక్కువగా ఉండేదీ అక్కడే. ఎందుకంటే ఆఖరి 10 మీటర్లలో పీడనం సగానికి పడిపోతుంది, దానితోపాటే ఊపిరితిత్తుల్లో మిగిలిన ఆక్సిజన్ ఒత్తిడీ పడిపోతుంది. 60 మీటర్ల దగ్గర బాగానే ఉన్న మనిషి 5 మీటర్ల దగ్గర కళ్లు తేలేయగలడు.

ఇదే బొమ్మ ఫోనులో పెట్టి చూశాం. వేలితో తోస్తూ పోతే ఒక వృత్తం వచ్చేసరికి ముందుది తెర దాటిపోతుంది. మొత్తం ఒకేసారి కనిపించేలా కుదిస్తే మొదటి 10 మీటర్లు ఒక గోరంత కూడా ఉండవు. ఈ నిష్పత్తి కంటికి ఆనాలంటే చేతుల్లో పరిచి పట్టుకునే కాగితం కావాలి. "అచ్చు ఎందుకు" అని అడిగినవాళ్లకు నేనిక ఈ పేజీలు చూపిస్తాను.

దీనితో బైండింగ్ కూడా తేలిపోయింది. జిగురు పెట్టి కట్టే పర్ఫెక్ట్ బైండింగ్‌లో నడిమి మడత 45, 50 మీటర్ల గీతలను మింగేస్తుంది. సెంటర్ పిన్ కొడితే నడిమి పుటలు రెండూ ఒకే కాగితం మీద పడతాయి, చక్కగా పరుచుకుంటాయి. పత్రిక వీపు మీద పేరు ఉండదు కాబట్టి షాపు అరలో కనబడదని బావ అభ్యంతరం చెప్పారు. అది నిజమే. అయినా సెంటర్ పిన్‌కే ఓటు వేశాం.

కార్తీక మాసం

భీమిలి వైపు ఒక మత్స్యకార గ్రామానికి వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన ఉన్నారు. రాళ్లలో వల చిక్కుకున్నా, లంగరు ఇరుక్కున్నా ఊరంతా ఆయన్నే పిలుస్తుంది. కళ్లకు అద్దం, నడుముకు తాడు, చేతిలో కత్తి, అంతే సరంజామా. మనిషి అరవై దాటారు, ఇప్పటికీ దిగుతున్నారు.

"బాబాయ్, దిగేముందు ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఏముందమ్మా, గట్టిగా పదిసార్లు గాలి లాగి వదులుతాను. అప్పుడు కింద ఎక్కువసేపు ఉండొచ్చు. మా నాన్న అలాగే నేర్పాడు."

"ఎప్పుడైనా పైకి వచ్చాక కళ్లు తిరిగాయా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "నాకు తిరిగాయి. మా తమ్ముడు రాలేదు" అన్నారు.

ఆ మాట తర్వాత నేను వేసుకొచ్చిన ప్రశ్నల కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. ఆయన చెప్పింది విన్నాను. పడవలో ఉన్నవాళ్లకు తాడు వదులుగా అనిపించి లాగేసరికి ఆలస్యమైంది. సముద్రం మీద కోపమేమీ లేదన్నారు.

శ్వాస తీసుకోవాలన్న ఆరాటం మనలో పుట్టేది ముఖ్యంగా ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. దిగేముందు వేగంగా, గట్టిగా శ్వాసలు తీస్తే కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది గానీ ఒంట్లో ఆక్సిజన్ చెప్పుకోదగినంత పెరగదు. హెచ్చరించే గంట ఆలస్యంగా మోగుతుంది, ఆలోపే ఆక్సిజన్ అడుగంటుతుంది. మనిషికి ఉక్కిరిబిక్కిరి కూడా తెలియదు. స్పృహ నిశ్శబ్దంగా పోతుంది. ఇది సముద్రంలోనే జరగాలని లేదు. ఊరి చెరువులో, ఈత కొలనులో, ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారని పిల్లలు పందెం కాసే చోట కూడా జరుగుతుంది. మన జిల్లాల్లో నదిలోనో కాలువలోనో ఎవరైనా గల్లంతైతే పోలీసులు పిలిచే గజ ఈతగాళ్లలో చాలామంది ఒక్క ఊపిరి మీదే దిగుతారు. వార్తలో వాళ్లకు ఒక్క వాక్యం దక్కుతుంది. వాళ్లెలా సాధన చేస్తారు, వాళ్లను పైనుంచి ఎవరు కాచుకుంటారు అన్నది ఎవరూ రాయరు.

ఇక్కడ పత్రిక రూపం మారిపోయింది. దక్షిణ కొరియా జెజు దీవిలో ఒక్క ఊపిరితో దిగి శంఖాలు, నత్తగుల్లలు ఏరే హెన్యో స్త్రీల గురించి, 2016లో వాళ్ల సంప్రదాయం యునెస్కో జాబితాకెక్కడం గురించి పెద్ద వ్యాసం సిద్ధంగా ఉంది. అలాగే దిగే జపాన్ అమా స్త్రీలూ, మన తూత్తుకుడి శంఖం వేటగాళ్లూ ఉన్నారు. అవన్నీ ఉంటాయి. కానీ ముందు పేజీల్లో భద్రత ఉండాలి. నాలుగు పేజీల భద్రత భాగాన్ని మందపాటి కాగితం మీద విడిగా కూడా అచ్చువేసి, తీరగ్రామాలకు ఉచితంగా ఇవ్వాలని నిర్ణయించాం. ఇంటర్వ్యూ అయ్యాక పెద్దాయన, "ఇది వెల ఎంత పెడతారు?" అని అడిగారు. మూడువందలు అనుకుంటున్నామంటే ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. విడి కాగితాలకు అదే కారణం.

డిసెంబర్ మొదటి వారం

విజయవాడ ప్రెస్సులో నమూనా పుటలు తీశాం.

డీన్స్ బ్లూ హోల్ ఫోటో కంప్యూటర్ తెర మీద గాఢమైన నీలం. ప్రూఫులో వంకాయ రంగుకు తిరిగింది. తెర వెలుగుతో చూపించే నీలాల్లో చాలావాటిని నాలుగు రంగుల సిరా పట్టుకోలేదు. నీలం కోసం సియాన్ (లేత నీలం సిరా) మీద మెజెంటా (గులాబీ ఎరుపు సిరా) వేస్తారు, రెండూ దగ్గర దగ్గర శాతాల్లో పడితే కంటికి ఊదా కనిపిస్తుంది. ప్రెస్సు పెద్దాయన తలెత్తకుండానే, "మెజెంటా దించండి, రెంటికీ మధ్య కనీసం ముప్పై తేడా ఉండాలి" అన్నారు. సియాన్ 100 దగ్గర ఉంచి మెజెంటాను 60కి దించాక నీలం నీలంలా వచ్చింది. లోతు చీకటి ఉన్న చోట మరో చిక్కు. నాలుగు సిరాలూ కలిసి కాగితానికి తడి ఎక్కువై, ఆరకముందే పక్క పేజీకి అంటుతుంది. మొత్తం సిరాను తగ్గించి, నలుపుతోనే చీకటి తెప్పించాం.

రుషికొండ దగ్గర తీసిన మా ఫోటోలు మాత్రం మొదటి ప్రూఫులోనే బాగా వచ్చాయి. మన తీరంలో నీళ్లు ఆకుపచ్చ. నదుల ఒండ్రు, నాచు సూక్ష్మజీవులు, ఏడాదిలో చాలా భాగం కొన్ని మీటర్లకు మించి కనిపించని మసక. అండమాన్, లక్షద్వీప్ నీళ్లలా నీలంగా దిద్దితే అందంగా ఉంటుందని ఒక మిత్రుడు సూచించాడు. నేను ఒప్పుకోలేదు. ఇక్కడ దిగబోయే కుర్రాడికి ఇక్కడి నీరు ఎలా ఉంటుందో తెలియాలి. పైన ఉన్నవాడికి కింద ఉన్నవాడు కనబడడు అన్న సంగతి ఆ ఆకుపచ్చలోనే ఉంది. ముఖచిత్రం కూడా ఆకుపచ్చదే.

తెలుగు అక్షరాల విషయంలో బావ పట్టిన పట్టు విడవలేదు. చాలా ప్రెస్సులు ఇప్పటికీ యూనికోడ్‌కు ముందు కాలం నాటి అను ఫాంట్లతోనే సుఖంగా ఉన్నాయి. యూనికోడ్‌లో రాసింది అటు మారిస్తే ఎక్కడో ఒక వత్తు ఎగిరిపోతుంది. యూనికోడ్‌లోనే కూర్చి నేరుగా పీడీఎఫ్ ఇచ్చాం. 11 పాయింట్ల అక్షరానికి 17 పాయింట్ల పంక్తి ఎడం పెట్టారు. లేకపోతే "స్త్రీ" కింది వత్తులు దిగువ పంక్తి గుడులను తాకుతాయి. పేజీకి నాలుగు పంక్తులు తగ్గాయి, కంటికి హాయి పెరిగింది.

డిసెంబర్ మధ్యలో, లెక్కలు

మొదట 96 పేజీలూ నున్నగా మెరిసే ఆర్ట్ పేపరు మీద రంగుల్లో అనుకున్నాం. ధర అడిగితే ఖర్చు తడిసి మోపెడైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి కాగితం మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. పుస్తకం మీద పన్ను లేదు కాబట్టి ఆ 18 శాతాన్ని తిరిగి రాబట్టుకునే దారి ప్రచురణకర్తకు లేదు, అది నేరుగా ధరలో కూర్చుంటుంది.

అందుకని నడిమి 16 పేజీలు మాత్రం ఆర్ట్ పేపరు, రంగులు. మిగతా 80 పేజీలు మ్యాప్‌లిథో అనే మామూలు పుస్తకాల కాగితం మీద ఒకే రంగు, అదీ ముదురు నీలం సిరా. చదవడానికి మ్యాప్‌లిథోయే మేలు, దీపం కింద మెరవదు. వెయ్యి ప్రతులకు ప్రతి ఒక్కటి దాదాపు 85 రూపాయలు పడుతుంది. ఫోటోలకు, రచయితలకు డబ్బు ఇవ్వాలని మొదటే అనుకున్నాం. నీటి అడుగున ఫోటో తీయడానికి ఆ మనిషి కూడా ఊపిరి బిగపట్టి దిగాలి, ఆ పనిని ఊరికే అడగకూడదు. ఆ పద్దు 65 వేలు. భద్రత కాగితాలు, రవాణా, నమూనాలు మరో 30 వేలు. మొత్తం లక్షా 80 వేలు. 300 రూపాయల వెలకు నేరుగా పాఠకుడికి అమ్మితే 600 ప్రతుల దగ్గర పెట్టుబడి తిరిగి వస్తుంది. దుకాణాలు, పంపిణీదారులు మేము అడిగిన చోటల్లా 40 శాతం కమిషన్ చెప్పారు. ఆ దారిలో పోతే వెయ్యి ప్రతులూ అమ్ముడైనా చేతిలో ఏమీ మిగలదు.

మూడు నెలలకోసారి తెస్తే? అదే లెక్క ఏడాదికి నాలుగుసార్లు, నలుగురి పని ముగ్గురమే చేయాలి, పైగా చందాదారులకు మాట ఇచ్చినట్టు. చట్టం సంగతీ ఉంది. 1867 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2023 పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. క్రమం తప్పని వ్యవధిలో వచ్చే, ప్రజావార్తలో వాటిపై వ్యాఖ్యలో ఉండే ప్రచురణలకు పేరు, రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మా దాంట్లో వార్తలే లేవు. ఏడాదికో సంపుటంగా, ఐఎస్‌బీఎన్‌ (పుస్తకాల గుర్తింపు సంఖ్య)తో పుస్తకంగా తేవడమే మా విషయానికీ మా శక్తికీ సరిపోతుందని ముగ్గురికీ తోచింది. దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితంగానే ఇస్తారు.

ఇక ప్రకటనలు. ఫిన్‌లు, వెట్‌సూట్లు అమ్మే దుకాణం ఒకటి వెనక అట్టకు మంచి మొత్తమే ఇస్తామంది. కానీ తపాలా శాఖ 2025 మేలో పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది: 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. వాణిజ్య ప్రకటనలున్న ప్రచురణలకు ఆ సౌకర్యం వర్తించదు. మాకు దుకాణాలకన్నా తపాలాయే ప్రాణం. పలాస నుంచి ఆదిలాబాద్ దాకా ఎవరు అడిగినా చవగ్గా పంపగలగాలి. మరో కారణం కూడా ఉంది. పరికరాలు అమ్మేవారి డబ్బుతో నడిచే పత్రిక "మొదటి ఏడాది మీకు ఖరీదైన ఫిన్‌లు అక్కర్లేదు, తోడుగా దిగే మనిషి కావాలి" అని రాయడానికి జంకుతుంది. ప్రకటన వద్దని వాళ్లకు మర్యాదగా జవాబు రాశాను.

ఈ లెక్కలు చూశాక బావ మాట ఇచ్చారు.

డిసెంబర్ చివర, హైదరాబాద్ పుస్తక ప్రదర్శన

తెలిసినవాళ్ల స్టాలులో ఒక మూల మా నమూనా ప్రతి పెట్టుకోనిచ్చారు. డైవర్ల కోసం తెచ్చాననుకున్నాను. ఆగి చూసినవాళ్లలో డైవర్లు తక్కువ. ఈత నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు ఆగారు. ప్రాణాయామం చేసే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ప్రాణాయామంలో ఊపిరి బిగపట్టే కుంభకానికీ దీనికీ తేడా ఏమిటని అడిగి, అక్క వ్యాసం నిలబడే చదివేశారు. ఆయన అడిగిన ప్రశ్నకు విడిగా ఒక పేజీ పెట్టాలి. కూర్చున్న చోట ఊపిరి బిగపట్టడం వేరు, నీటిలో బిగపట్టడం వేరు, ఒంటరిగా నీటిలో ఎప్పుడూ సాధన చేయకూడదు అన్న మాట అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

దుబాయ్ నుంచి సెలవుకు వచ్చిన ఒక కరీంనగర్ కుర్రాడు నడిమి పుటలు తిప్పి చూసి, "అక్కా, నేను 60 మీటర్ల కొలను దగ్గర పనిచేస్తున్నాను" అన్నాడు. 2021లో తెరిచిన డీప్ డైవ్ దుబాయ్ అది. నీళ్లలోకి దిగేవాళ్లను రోజూ చూస్తాడట, వాళ్లు కింద ఏం చేస్తారో ఇంట్లో అమ్మకు చెప్పలేకపోయేవాడట. మూడు ప్రతులకు ముందే డబ్బు కట్టాడు. తెలుగులో ఎందుకు అన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబులన్నిటికన్నా ఆ అబ్బాయి మాట బలమైనది.

2026 జనవరి

విజయవాడ పుస్తక మహోత్సవంలోనూ నమూనా తిరిగింది. ముందస్తు కొనుగోళ్లు 250 దాటాయి. ప్రెస్సుకు కట్టాల్సిన మొత్తంలో చాలా భాగం వచ్చేసింది.

రికార్డుల పేజీల మీద అక్కకూ నాకూ వారమంతా వాదన నడిచింది. రష్యా ఫ్రీడైవర్ నతాలియా మొల్చనోవా 2009లో 101 మీటర్లు దిగింది. బండి సాయం లేకుండా, ఫిన్‌లతో సొంత బలం మీదే 100 మీటర్లు దాటిన మొదటి స్త్రీ ఆమె. నిశ్చలంగా నీటిలో తేలుతూ 9 నిమిషాల 2 సెకన్లు ఊపిరి బిగపట్టింది. 2015 ఆగస్టులో స్పెయిన్‌లోని ఫోర్మెంటెరా దీవి దగ్గర, పోటీ కూడా కాదు, మామూలు లోతుకు దిగి తిరిగి రాలేదు. ఆమె మరణాన్ని వేరే వ్యాసంలో చెబుదామని అక్క, అదే పేజీలో చెప్పాలని నేను. 2002లో ఆడ్రీ మెస్ట్రే, 2013లో నికొలస్ మెవోలి కూడా ఇలా దిగే ప్రాణాలు పోగొట్టుకున్నారు, వీళ్లంతా అనుభవం లేనివారు కాదు. లోతు అంకెను ఒక పేజీలో, దానికి చెల్లించిన వెలను వేరే పేజీలో పెడితే ఒక కుర్రాడు మొదటిది మాత్రమే చదివి సముద్రంలోకి వెళ్లవచ్చు. చివరికి అక్క ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది: పోటీల్లో భద్రత ఎంత కట్టుదిట్టంగా ఉంటుందో కూడా రాయాలి. పైకి తేలిన పోటీదారు 15 సెకన్లలోపు ముఖం మీది పరికరాలు తీసి, చేత్తో సైగ చేసి, బాగున్నానని నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే ఎంత లోతుకు వెళ్లివచ్చినా ఆ డైవ్ చెల్లదు. స్పృహతో తిరిగి రావడాన్ని కూడా కొలిచే క్రీడ ఇది. అక్క షరతు సబబైనదే.

2026 ఫిబ్రవరి, ప్లేట్లకు ముందు

భద్రత కాగితం ఆఖరి ప్రూఫు భీమిలి పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన కొడుకు, మరో ఇద్దరు కుర్రాళ్లు కూడా ఉన్నారు. దిగేముందు గట్టిగా గాలి లాగి వదలవద్దు. ఒకరు దిగితే ఒకరు పైనే ఉండాలి. స్పృహ తప్పితే ముందు ముఖం నీటిపైకి ఎత్తి, అద్దం తీసి, చెంప తట్టి, ముఖం మీద ఊది, పేరు పెట్టి పిలవాలి, ఊపిరి రాకపోతే వెంటనే నోటితో గాలి ఊదాలి. ఇవన్నీ విన్నారు. "పైకి వచ్చిన మనిషిని కనీసం 30 సెకన్లు కనిపెట్టి చూడాలి" అన్న చోట కొడుకు ఆపాడు.

"పడవలో గడియారం ఎవరు చూస్తారక్కా? వల లాగుతూ ఉంటాం."

పెద్దాయన అందుకున్నారు. "ముప్పై దాకా పైకి లెక్కపెట్టమని రాయమ్మా. తేలినవాడు కూడా లెక్కలో గొంతు కలపాలి. వాడి నోట అంకె తప్పిందంటే తెలిసిపోతుంది."

నీటిలోంచి తేలినవాడు ముందు ఊపిరి నింపుకోవాలి, వెంటనే మాట్లాడించకూడదు. అందుకని మొదటి పది పడవలో ఉన్నవాడు ఒక్కడే లెక్కించాలి, పదకొండు నుంచి ఇద్దరూ కలిసి. అక్కకు అక్కడి నుంచే ఫోను చేశాను. వైద్యపరంగా ఇబ్బంది లేదంది. తనకు తట్టనిది ఆయనకు తట్టిందని చెప్పింది. ఆ వాక్యం మార్చి, బొమ్మలో గడియారం తీసేసి ఇద్దరు మనుషులను గీయించాం. దాని కింద ఆయన ఊరి పేరు వేస్తామంటే సరేనన్నారు, తన పేరు వద్దన్నారు.

సోమవారం ప్లేట్లు, అంటే అచ్చుకు వాడే రేకులు తీస్తారు. మొదట పత్రిక నడిమి 16 పేజీలు, తర్వాత భద్రత కాగితాలు రెండువేలు. ఏప్రిల్ 15న చేపల వేట నిషేధం మొదలైతే పెద్ద పడవలు ఒడ్డునే ఉంటాయి, కుర్రాళ్లు రాళ్ల దగ్గర దిగడం ఎక్కువవుతుంది. ఆ లోపు భీమిలి నుంచి ముత్యాలమ్మపాలెం దాకా ఊరూరా ఇచ్చి రావాలి. తపాలా అట్టలు ఇంకా కొనలేదు. దుబాయ్ పొట్లానికి తపాలా ఖర్చు కనుక్కోవాలి.